బొటనవేలి గుంట

నా జేబులో అయస్కాంతం ముక్కొకటి,
దారం కట్టి, తాయెత్తు మాదిరి.
శుక్రవారం సంతలో
పాత టార్చిలైటు కనబడితే
ముందు పలకరించేది అదే.
అంటుకుంటే ఇనప రేకు.
అంటుకోకపోతే లోపల ఇత్తడి, పైన నికెల్ పూత.
అప్పుడు నేను బేరానికి కూర్చుంటా.

మా రాజంపేట వైపు దీన్ని బ్యాటరీ అంటారు,
లోపల వేసేవి సెల్లులు.
ఇక్కడ ఆ మాటంటే
కార్లు బాగుచేసే వీధి చూపిస్తారు.

ఫహాహీల్లో ఏసీలు రిపేరు చేసే ఓబులేసుకి
ఇదేం పిచ్చని రూములో నవ్వుకుంటారు.
ఆరుగురం పడుకునే గది,
నా మంచం కింద నలభై మూడు బ్యాటరీలు,
ఒక్కదాంట్లోనూ సెల్లు లేదు.
సెల్లు వదిలేస్తే చీము పట్టినట్టు తెల్లగా పొంగి
గొట్టాన్ని లోపల్నించే తినేస్తుంది.
కొన్నరోజే కడుపు ఖాళీ చెయ్యాలి.

నేర్పినవాడు గులాం రెజా,
పడవల సామాన్లమ్మే ఇరానీ ముసలాయన.
అద్దాన్ని పెదవికి ఆనించమన్నాడు,
గాజు చల్లగా కుడుతుంది, ప్లాస్టిక్కు ఊరుకుంటుంది.
వెండి పూసిన గిన్నె వయసుతో నల్లబడుతుంది,
అల్యూమినియానికి సిగ్గులేదు, ఎప్పటికీ మెరుస్తుంది.
మూత తిప్పుతూ చెవి దగ్గర పెట్టుకో,
పాత మర గొణుగుతుంది, కొత్తది కీచుమంటుంది.
ఇంత చెప్పి, ఒకరోజు
తనే నాకొక నకిలీ అమ్మాడు, పరీక్షకని.
మూడు దినార్లు తిరిగివ్వలేదు.

అసలు అనే మాట మాకూ వీళ్ళకూ ఒకటే.
నకిలీని మాత్రం తక్లీద్ అంటారు.
జాసిం గారి గోడనిండా గాజు బీరువాలు,
మనుషులకంటే చల్లగా ఉంటాయి బ్యాటరీలు.
ఒక్కో తీర్పుకి నాకు ఐదు దినార్లు.

ఆవిడ పేరు ఉమ్మ్ బదర్.
తలగుడ్డలో చుట్టి తెచ్చింది, అహ్మదీ నుంచి.
నలభై ఎనిమిదిలో ఆయిలు కంపెనీ దొర
మా నాన్నకిచ్చిందంది.
జాసిం రెండొందలకు సిద్ధంగా ఉన్నాడు.

టక్కుమని అంటుకుంది అయస్కాంతం.
పెదవికి ఏ చల్లదనమూ తగల్లేదు.
స్క్రూలకు ప్లస్ గాడి.
ఎనభైల్లో ప్రతి కిరాణా కొట్లోనూ దొరికిన సరుకు.

చెప్పబోయి, స్విచ్చు దగ్గర ఆగిపోయా.
పూత లేచిపోయి, ఇనుము కూడా అరిగి
చిన్న గుంట,
ఎడమవైపుకి వాలి.

మీ ఇంట్లో ఎడమచేతివాటం ఎవరికమ్మా?

చాలాసేపు మాట్లాడలేదు.
మా అమ్మకి, అంది.

బావులు మండిన ఏడు
అహ్మదీలో మధ్యాహ్నం పన్నెండుకే రాత్రి.
తెల్లమేక నల్లగా ఇంటికొచ్చేది.
ఉతికి ఆరేస్తే మసి కురిసేది.
సెల్లులు దొరికేవి కావు,
రెండడుగులకొకసారి వెలిగించి, చూసి, ఆర్పి,
మళ్ళీ రెండడుగులు,
అట్లా పక్కింటి ముసలమ్మకి నీళ్ళు మోసేదట.

గులాం రెజా ఉంటే అడిగేవాడు,
ఆ కొన్ని నెలల్లో ఇనుము ఇంత అరుగుతుందా అని.
అడక్కుండానే చెప్పిందావిడ:
మంటలారి, కరెంటొచ్చాక కూడా
పక్కలో పెట్టుకుని టిక్కు, టిక్కు.
సెల్లులు తీసేసినా ఆపలేదు.
పోయేవరకూ.

దొర ఇచ్చింది ఇంకెక్కడో పోయుంటుంది.
కథ మాత్రం వచ్చి దీన్ని అంటుకుంది.

కాగితం మీద రాశాను:
రేకు. ఎనభైల నాటిది. తక్లీద్.
అరుగుదల అనే గడిలో
ఎడమ బొటనవేలు, అసలు.
జాసిం మొదటి వరసే చదివి
ఐదు దినార్లు బల్లమీద పెట్టాడు.

ఆవిడ కుడిచేత్తో పట్టుకుని నొక్కబోయింది,
వేలు గుంటలో కుదుర్లేదు.
ఎడమచేతికి మార్చుకుంది.

ఆ రాత్రి నలభై మూడూ బయటికి తీసి
స్విచ్చులు మాత్రం చూశాను.
పదకొండింటికి వేళ్ళున్నాయి.
మిగతావి ఉత్త ఇత్తడి.